రాజపాళయంలో పాడైన ప్లేట్లు

ఆరేళ్ల కిందట ఈ పత్రిక వేసవి సంచికలోనే రాజపాళయం ప్రయాణం గురించి నాలుగు పేజీలు రాశాను. కొందరు పాఠకులకు అది ఇంకా గుర్తుందని ఈ మధ్య తెలిసింది. అందులో రైలు నిజం, మామిడిపళ్లు నిజం, కుక్కలు నిజం. ఒక మనిషి గురించి రాసింది మాత్రం అబద్ధం. తెలియక రాసింది కాదు. అందుకని అదే ప్రయాణాన్ని మళ్లీ మొదటినుంచి చెబుతున్నాను. చూడనివారికి ఆ ఊరూ తెలుస్తుంది, నేనూ తెలుస్తాను.

అప్పట్లో ఏటా ఎండలు ముదిరేసరికి ఒక జాబితా రాసేవాణ్ణి, ఏ వేళకు ఏ పాట వినాలో చెబుతూ. తలుపులు దగ్గరగా వేసుకున్న మధ్యాహ్నానికి వీణ. వాకిట్లో నీళ్లు చల్లిన సాయంత్రానికి వేణువు. డాబా మీద పక్కలు వేసుకున్నాక ఆడగొంతుతో నెమ్మదిగా సాగే పదం. గ్రామఫోను ఉన్న ఇళ్లవాళ్లు ఆ జాబితా చేత్తో పట్టుకుని అంగడికి వెళ్లేవారు. అందువల్ల మద్రాసులో ఒక గ్రామఫోను కంపెనీవారికి నేను కావలసినవాణ్ణయ్యాను. తెలుగు పల్లెపాటలు కొన్ని ప్లేట్లుగా వేయాలని వారికి తోచినప్పుడు, పాడేవాళ్లను ఎంచే పని నాకిచ్చారు. నేను మంచిదంటే ఆ మనిషికి మద్రాసు రమ్మని ఉత్తరం వెళుతుంది. అనకపోతే లేదు.

సింగరాజా అనే పెద్దమనిషి గ్రామఫోను ముళ్లు కొనడానికి ఆ కంపెనీవారి అంగడికి వచ్చి నాకు పరిచయమయ్యాడు. రాజపాళయంలో ఆయనకు పత్తిగింజలు తీసే జిన్ను ఉంది.

"మీరు ఈ ప్లేటులంతా మెచ్చుకోని రాస్తా ఉండారంట గదా సార్. మా జిన్నులో పత్తి ఏరే ఆమె ఒకతె ఉండాది, గురువమ్మ అని. ఎండాకాలం పాట అంటే అది పాడేదే. ఒక తూరి వచ్చి వినేసి పోండి," అన్నాడు.

ఊరికే పిలిచేవాడికి ఏదో అవసరం ఉంటుందనుకున్నాను. అయినా బయలుదేరాను.

విరుదునగరం దాటాక

నా దగ్గర రెండు పెట్టెలు. ఒకటి చేతిపెట్టెలా మూసుకునే గ్రామఫోను. రెండోది రేకుపెట్టె, అందులో పన్నెండు ప్లేట్లు. ఆ పన్నెండింటిలో ఒక దాని సంగతి ముందే చెప్పాలి. అది నేను పాడింది. నా ముప్పయ్యో ఏట కంపెనీవారు నా చేత ఒక పాట పాడించి, నమూనాకు రెండు ప్లేట్లు తీసి, ఇక ఆ మాట ఎత్తలేదు. ఒకటి వాళ్ల దగ్గరే పగిలిపోయింది. మిగిలినదాన్ని నేను ఏ ఊరు వెళ్లినా తీసుకువెళ్లేవాణ్ణి. పాడిందెవరో చెప్పకుండా పెట్టి, ఎలా ఉందని అడిగేవాణ్ణి. మర్యాదస్థులు బాగుందనేవారు. ఆ మాటనూ నేను నమ్మేవాణ్ణి కాదు.

విరుదునగరంలో రైలు మారాక నా ఎదుట ఒక ముసలాయన కూర్చున్నాడు. మొదట అరవంలో ఏదో అడిగి, నేను తెల్లమొహం వేస్తే తెలుగులోకి దిగాడు.

"ఆ రేకుపెట్టెలో ఏముండాదప్పా?"

"పాటలు."

"పాటలకు పెట్టె ఏంటికి? మీ ఊర్లో ఎవురికీ నోరు లేదా?"

బండిలో వాళ్లు నవ్వారు. ఇలా నవ్వించి పెట్టె కాజేసేవాళ్లుంటారని విన్నాను. అందుకని శ్రీవిల్లిపుత్తూరులో కాఫీకి కూడా దిగలేదు. ఆయన దిగి, అణాకు ఆరు చొప్పున తాటిముంజెలు కొని, రెండు నా చేతిలో పెట్టాడు. మత్తుమందేమైనా ఉందేమోనని తినకుండా, ఆయన కిటికీవైపు తిరిగినప్పుడు బల్ల కిందికి జార్చాను. ఆయన చూశాడు. తన వంతు నెమ్మదిగా తిని, దిగేటప్పుడు, "దాహంతో చస్తావు, చూడు," అని వెళ్లిపోయాడు. నిజంగానే ఆ మిగతా దూరం నాలుక పిడచకట్టింది.

రాజపాళయం స్టేషనులో దిగగానే పడమటివైపు కొండలు గోడ కట్టినట్టు కనిపిస్తాయి. ఆ కొండల్లో చల్లగా ఉంటుందట. ఊళ్లో మాత్రం గాలిలో దూది తేలుతుంటుంది. జట్కావాడు రెండణాలన్నాడు. మా బందరులో ఆ దూరానికి అణా ఇస్తే దండం పెడతారు. బేరమాడి అణాన్నరకు ఒప్పించాను. దారి పొడుగునా, చుట్టూ తిప్పుతున్నాడేమోనని సందులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

సింగరాజా ఇల్లు

ఆ ఇంటి ముందు ఒక తెల్లకుక్క. ఆ ఊరి కుక్కలు పేరుపడ్డవి. సన్నటి నడుము, గులాబీరంగు ముక్కు. అది మొరగలేదు. నా కాళ్ల దగ్గరికి వచ్చి నిలబడి, నేను కదిలితే తనూ కదిలింది.

"రెండు దినాలు అట్లనే చూస్తాది," అన్నాడు సింగరాజా. "ఆమేల నమ్ముతాది. అంతవరకు రొంబ కదలొద్దండి."

నాయకరాజుల కాలంలో తెలుగుదేశం నుంచి వచ్చి నిలిచిపోయిన కుటుంబాలు వాళ్లవి. ఇన్ని తరాలు అరవదేశంలో ఉండి ఇంకా తెలుగు మాట్లాడతారంటే, నా కోసం వేషం కడుతున్నారేమోనని మొదటిరోజు అనుమానపడ్డాను. పెరట్లో వంటామెనూ కూలివాళ్లనూ కేకలేస్తున్నప్పుడు కూడా అదే తెలుగు వినపడ్డాక ఒప్పుకోక తప్పలేదు. వాళ్లకు నా తెలుగే వేషంలా ఉన్నట్టుంది. "మీరు మాట్లాడేది నాటకంలో మంత్రి మాట్లాడినట్ల ఉండాది," అంది సింగరాజా తల్లి.

ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అంటారు. డెబ్భై దాటాయి. చూపు బాగా మందగించింది. అన్నం ఆమే వడ్డించింది. కారంగా పులుసు, పప్పు వేసిన సొరకాయ కూటు, చివర పెరుగన్నంలోకి పంచవన్నె మామిడిపండు. ఊరివాళ్లు ఆ పండుకు ఐదు రంగులంటారు; నేను మూడే చూశాను. మా వైపు ఈ రోజుల్లో ఇంటింటా ఆవకాయ జాడీలు కడుగుతుంటారు. వీళ్లు కాయను ముక్కలు కోసి ఉప్పులో ఊరవేసి ఎండబెడతారు. నేను తీసుకువెళ్లిన ఆవకాయ అవ్వకు కొంచెం పెట్టాను. రెండు చెంబులు నీళ్లు తాగి, "ఇది తినేసే మీ ఊరోళ్లు అంత గట్టిగా పాడతారా నాయనా," అంది. కాఫీ పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. నాకు అలవాటు లేక మొదటిపూటే చొక్కా మీద పోసుకున్నాను.

ఆ ఇంట్లో ఇంకొకటి చూశాను. సున్నితమైన వస్తువేదైనా పత్తిలో పెడతారు. లాంతరు గాజుబుడ్డి, కోడిగుడ్లు, పూజ గదిలోని గాజుబొమ్మ, పగిలిన కళ్లద్దం అన్నీ పత్తిబుట్టల్లోనే. కొట్టుగదిలో గింజ తీయని పత్తి నడుమెత్తు పోసి ఉంటుంది. "పత్తిలో పెట్టినది ఎప్పుడూ చెడదు," అంది అవ్వ. నా రేకుపెట్టె మీద చెయ్యి వేసి చూసి, "ఇది ఇట్ల కాలతా ఉండాదే," అని కూడా అంది.

జిన్నులో

రెండోరోజు పొద్దున్నే జిన్నుకు వెళ్లాం. పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క గింజ తీసే యంత్రాలు. వాటికి దూరంగా ఇరవైమంది ఆడవాళ్లు నేలమీద కూర్చుని పత్తిలోని ఆకునలుసు, పుల్లలు, పుచ్చిన పత్తికాయలు ఏరుతున్నారు. అందరికంటే ముందు కూర్చున్నది గురువమ్మ. నలభై ఏళ్లుంటాయి. బక్కపలచగా, నెరిసిన జుట్టు బిగించి ముడివేసుకుని ఉంది. వాళ్లదీ ఎప్పుడో ఇటు వచ్చిన తెలుగు కూలికుటుంబమే, కాని వాళ్ల వీధి వేరు, బావి వేరు.

"గురువా, సారు మద్రాసు నుంచి వచ్చినారు. పాడు," అన్నాడు సింగరాజా.

"పని ఆపేసి పాడల్లనా, పని చేస్తా పాడల్లనా సామీ? ఆపి పాడేదానికి నాకు రాదు," అంది.

చేస్తూనే పాడమన్నాను.

*కొండ మింద మబ్బు లేదు, కొంగు తడవదు.*

అంతే. ఆగిపోయింది. మరచిపోయిందనుకున్నాను. ఇరవైమందీ ఒక్కసారిగా చేతుల్లోని పత్తిని పైకి ఎగరేశారు. దూది లేచింది, నలుసు రాలింది. అది కిందపడేదాకా షెడ్డులో మనిషి గొంతు లేదు. తరువాత అందరూ కలిసి అందుకున్నారు.

*చేల మింద నీడ లేదు, చెయ్యి ఆగదు.*

మళ్లీ ఎగరేత. మళ్లీ మౌనం. అలా అరగంట పాడారు. బయట రేకులు ఎండకు చిటచిటమంటున్నాయి. చెప్పడం కష్టం, ఆ ఆగిన ప్రతిచోటా ఒళ్లు చల్లబడినట్టుండేది. అప్పటికి పదేళ్లుగా వేసవి పాటల గురించి రాస్తున్నాను. వేసవి పాట అంటే ఏమిటో ఆ షెడ్డులో తెలిసింది.

నన్ను మెప్పించడానికి ముందే నేర్పి పెట్టారేమోనన్న అనుమానం అప్పటికీ పోలేదు. "మధ్యలో అలా ఆపమని ఎవరు చెప్పారు?" అని అడిగాను.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

"ఎగరేసినప్పుడు నోరు తెరిస్తే దూది గొంతులో పోతాది గదా సామీ," అంది గురువమ్మ. "నోరు మూసేదానికి చోటు విడిచి పాట కట్టినారు పెద్దోళ్లు. మా అమ్మ పాట ఇది. ఆమె పాడతా ఉంటే నేను ఎనకాల పాడేదాన్ని."

మధ్యాహ్నం భోజనాల వేళ ప్లేట్లు వినిపించాను. వీణ పెడితే తలలూపారు. ఒక నాటకం పద్యం పెడితే ముసిముసి నవ్వులు నవ్వారు. చివర నాది పెట్టాను. పాడిందెవరో చెప్పలేదు. ఎలా ఉందని అడిగాను.

గురువమ్మ అన్నం ముద్ద మింగి అంది: "గొంతు బాగుండాది సామీ. అయితే ఈయన ఎవురో ఎనకాల కుక్క తరుముతా ఉన్నట్ల పాడినాడు. నోరు మూసే చోటే లేదు. ఎండలో ఇది వింటే మనకే ఆయాసం వస్తాది."

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. సింగరాజా కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ముల్లు తీసి ప్లేటును పెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టాను. పాడింది నేనేనని వీళ్లకు ఎవరో చెప్పి ఉంటారని, తెలిసే నవ్వారని అనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు.

సేత్తూరు తోట

మూడోరోజు తెల్లవారకముందే సింగరాజా నన్ను సేత్తూరు దగ్గర వాళ్ల మామిడితోటకు బండిలో తీసుకువెళ్లాడు. ఎవరైనా తిప్పి చూస్తారేమోనని గ్రామఫోనును వెంట తీసుకున్నాను. దారి గతుకులకు పగులుతాయని రేకుపెట్టె ఇంట్లోనే వదిలాను. వదిలానే కాని మనసంతా దాని మీదే. మొత్తం తోటలో నేను చూసింది తక్కువ. చెట్టు కింద ఉప్పూకారం అద్దిన కాయముక్కలు, కొబ్బరిబొండాలు, వంద కాయలకు ధర ఎంతో చెబుతున్న కాపలావాడు. వాడు మాకు పళ్లు తక్కువ చూపించి లోపల దాచాడని నా నమ్మకం. ఆ రాత్రి అక్కడే ఉండి నాలుగోరోజు మధ్యాహ్నం తిరిగివచ్చాం.

రాగానే పెట్టె తెరిచాను. పైన ఉన్న వీణ ప్లేటు అంచు అలలా లేచి ఉంది. రెండోదీ అంతే. పన్నెండూ నూనెలో వేసిన అప్పడాల్లా వంకరపోయాయి. నాది అన్నిటికంటే ఎక్కువగా, మధ్యకు వంగి గిన్నెలా అయింది. ముల్లు పెడితే ఎగిరి పక్కన పడింది.

"ఎండకు అయిందేమో సార్," అన్నాడు సింగరాజా, పావం పావం అంటూ.

"నేను ఊరూరా తిప్పాను. ఎక్కడా కాలేదు," అన్నాను. "మనం లేనప్పుడు ఎవరు వచ్చారు?"

ఆయన లోపలికి కేకవేసి తల్లిని అడిగాడు. "ఎవురూ రాలేదు. నిన్న గురువ వచ్చినది. మద్రాసుకు ఎప్పుడు పిలుస్తారు, సారును అడిగి చెప్పండి అనేసి పోయినది," అని లోపలినుంచి అవ్వ జవాబు.

నాకు అంతకంటే అక్కరలేకపోయింది. వాళ్లతో మారుమాట అనలేదు. అనుమానాన్ని బయటపెడితే దాన్ని ఎవరైనా తీసేస్తారని భయం. ఆ సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని ఆమె ఎలా చేసి ఉంటుందో ఊహించుకున్నాను. నిప్పుల మీద పెట్టిందా? ఎండలో పరిచిందా? తన పాట ఒక్కటే మిగలాలని చేసిందా? ప్రతి ఊహా కుదిరినట్టే ఉంది. కుక్క అప్పటికి నన్ను నమ్మి పక్కన పడుకుంది.

బయలుదేరిన పొద్దు

ఐదోరోజు ఉదయం, జట్కా రాకముందు గురువమ్మ వచ్చింది. అరుగు కింద, వాకిట్లోనే నిలబడింది. స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది.

"సామీ, ఒకటి అడగల్ల. అక్కడ మద్రాసులో పత్తి ఉంటాదా?"

"ఎందుకు?"

"ఎగరేయకుంటే ఆపేది ఎట్ల? నాకు తెలీకుండా పరిగెత్తి పాడేస్తానేమో."

"ఒక మూట నెత్తిన పెట్టుకోని పో," అన్నాడు సింగరాజా. "రైల్లో టిక్కెట్టు దానికీ తీస్తాము."

ఆమె నవ్వి, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "డబ్బుకు కాదు సామీ. మా అమ్మ పాట వినల్ల అంటే నేనే పాడుకోవల్ల. ఎనకాల పాడేటోళ్లు నన్ను వింటారు. నేను ఎవుర్ని వినేది? పెట్టెలో పెట్టేసినారంటే, ఒక్క తూరి ఊరికే కూర్చోని వింటాను. అంతే. కాయిదం వస్తాది గదా?"

"రెండు వారాల్లో వస్తుంది," అన్నాను.

ఆమె వెళ్లాక లోపలికి వెళ్లి రేకుపెట్టె సర్దుకుంటున్నాను. నా ప్లేటు వేసి ఉంచిన కాగితపు సంచిలోంచి ఏదో రాలింది. పత్తిగింజ. వేలితో తడిమితే గీతల నిండా దూదిపోగులు అంటుకుని ఉన్నాయి. అవ్వ పక్కనే కూర్చుని నాకు దారికి పులిహోర పొట్లం కడుతోంది.

"అవ్వా, గురువమ్మ ఈ పెట్టె ముట్టుకుందా?" అన్నాను.

"గురువనా?" అవ్వ పొట్లం మీదనుంచి తలెత్తింది. "అది ఈ గడప దాటి ఎప్పుడు వచ్చినది నాయనా? మేము రానిస్తేనే గదా వచ్చేది. నేనే తీసినాను. రేకు కాలతా ఉన్నది. పాటలు కరిగిపోతాయేమో అనేసి, మీరు పోయిన పొద్దున ఒక్కొక్కటే తీసి కొట్టుగదిలో పత్తిలోపల పూడ్చి పెట్టినాను. మీరు వచ్చే ముందర ఎత్తి మళ్లా పెట్టినాను. చల్లగా ఉండినాయా?"

కొట్టుగదిలోకి వెళ్లి ఆ కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. పైన మామూలుగానే ఉంది. లోపల కాగిన నీళ్లలో పెట్టినట్టు వేడి. తూకం పెరగడానికి అమ్మినవాడెవడో తడిపి తెచ్చినట్టున్నాడు. తడిసిన పత్తి కుప్పలో ఉడుకుతుందని తరువాత ఒక పత్తివర్తకుడు చెప్పాడు. జిన్నువాళ్లకు అది తెలియనిది కాదు. చూపు సరిగా లేని అవ్వ పైపైన తడిమి, పొడిగానే ఉందనుకుంది.

నేను బయటికి వచ్చి, "చల్లగా ఉన్నాయవ్వా," అన్నాను. అవ్వ సంతోషించింది. ఆ ఒక్క మంచి అబద్ధం చెప్పి జట్కా ఎక్కాను.

మద్రాసు చేరాక

జరిగింది ఇంతే. గురువమ్మ తప్పు లేదని బయలుదేరకముందే నాకు తెలుసు.

తెలిసి కూడా, రైల్లో కాగితం తీసినప్పుడు అవ్వ సంగతి రాయబుద్ధి కాలేదు. పదిమందికి నచ్చే కథ కావాలి. పాట ఒకటే మిగలాలని పరాయివాళ్ల ప్లేట్లు పాడుచేసిన పల్లెగాయని అంటే చదువుతారు. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. అసలు కారణం కుక్క తరిమినట్టుందన్న మాట. ఆ మాట నిజమని నాకు పదేళ్లుగా తెలుసు. ఇంకొకరి నోట విన్నది ఆ రోజే.

అందుకని పేరు లేకుండా, అయినా ఆ జిన్ను తెలిసినవారికి ఇట్టే తెలిసేలా రాశాను. కంపెనీవారికి వేరే రెండు వాక్యాలు రాశాను: పాట ఫరవాలేదు, మనిషి మాత్రం నమ్మదగినది కాదు. వాళ్లు ఆ స్థానంలో మరొకరిని పిలిపించుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఏడు నా జాబితాను, "వేసవి పాటకు నోరు మూసే చోటుండాలి. గాయకుడు ఆగినచోటే వినేవాడికి గాలి తగులుతుంది" అని మొదలుపెట్టాను. చాలామంది మెచ్చుకుని ఉత్తరాలు రాశారు. ఒక హరికథకుడు ఆ మాట పట్టుకుని తన బాణీ మార్చుకున్నానని చెప్పాడు. ఒక కవిగారు తన పాటల్లో ఖాళీలు వదలడం నావల్ల నేర్చుకున్నానన్నారు. ఆ మాట గురువమ్మది. అన్నం తింటూ అన్నది. ఇకమీదట ఎవరైనా వాడుకుంటే ఆమె పేరు చెప్పండి.

ఈ మార్చిలో సింగరాజా జిన్ను పని మీద మద్రాసు వచ్చి మా ఇంట్లో భోంచేశాడు. అవ్వ రెండేళ్ల కిందట పోయిందట. జిన్నులో ఏరేదానికి మిషను పెట్టాడట. మాటల్లో గురువమ్మ సంగతి అడిగాను.

"ఉండాది సార్. దగ్గు. దూది రొమ్ములో పోయి పట్టేసినాది. ఇప్పుడు పాడేదానికి గొంతు లేదు." మజ్జిగన్నం కలుపుకుంటూ నవ్వాడు. "దానికీ తపాల్ ముత్తయ్యకీ ఇంకా మాట లేదు, తెలుసునా?"

"ముత్తయ్య ఎవరు?"

"మా వీధులకు తపాల్ తెచ్చేవాడు. మీ మద్రాసు కాయిదం వాడే పోగొట్టినాడని దాని నమ్మకం. సారు వస్తాది అనినారు, అట్లయితే వచ్చే ఉంటాది, వీడే ఎక్కడో పారేసినాడు అంటాది. ఆడి నెల దాకా, మీ ఆషాఢం, దినమూ పోస్టాపీసు ముందర నిలబడినది సార్. ఆమేల ఒక దినం వాణ్ణి వీధిలో పట్టి తిట్టింది. పావం, వాడు గుడి ముందర కర్పూరం ఆర్పి ఒట్టుపెట్టి సత్యం చేసినాడు, నా చేతికి రాలేదని. అది నమ్మలేదు. వాడి కూతురు పెండ్లికి ఆ వీధిలో ఒక్కరూ పోలేదు."

"మీరు నమ్మారా?"

"నేను నమ్మేది ఎట్ల సార్? మీరు అబద్ధం చెప్తారా? ఇప్పుడు కూడా జిన్ను కాయిదాలు వాడి చేతికి ఇచ్చేది లేదు. పోస్టాపీసుకే మనిషిని పంపిస్తాను."

అప్పుడు చెప్పి ఉండవలసింది. ఆయన ముందు కూర్చుని, ఇంకొంచెం మజ్జిగ పోసుకోమన్నాను. సాయంత్రం స్టేషనుకు వెళ్లి రైలెక్కించి వచ్చాను.

యుద్ధం వచ్చాక ప్లేట్లు పోసే లక్క దొరక్క కంపెనీవారు కొత్తవి వేయడం దాదాపు మానేశారు. వెళ్లి అడిగాను. ఉన్న పాతవే తెచ్చి ఇమ్మంటున్నారు, కరిగించుకోవడానికి. వేసినా, పాడేందుకు ఆమెకు గొంతు లేదు. ఆమె కూర్చుని వినవలసిన పాట ఇక ఎక్కడా లేదు. నేను సరిచేయగలిగింది ఒక్కటే మిగిలింది.

ఆ ఊరివాళ్లు మాట్లాడేది తెలుగైనా చదివేది తమిళం. ఆరేళ్ల కిందట నేను రాసింది వాళ్లెవరి కంటా పడకపోవడానికీ అదే కారణం. ఇప్పుడు రాస్తున్నదీ పడదు. అందుకని నిన్న మా పక్కింటాయన చేత గురువమ్మకు తమిళంలో రాయించాను: "మద్రాసు ఉత్తరం దారిలో పోలేదు. నేనే రాయించలేదు. నీ వల్ల నాకు ఏ నష్టమూ జరగలేదని తెలిసీ రాయించలేదు. ముత్తయ్య చేసిన ప్రమాణం నిజం." కింద నా పేరు, చిరునామా.

పక్కింటాయన కవరు తెచ్చి ఇచ్చాడు. ఇలాంటివి నలుగురి కంటా పడకూడదు కదా అన్నాడు. వద్దని పోస్టుకార్డు మీద మళ్లీ రాయించి, సందు చివర తపాలాపెట్టెలో వేసి వచ్చాను. గురువమ్మకు చదువు రాదు. ఆ కార్డు తీసుకువెళ్లేవాడే దాన్ని ఆమెకు చదివి వినిపించాలి.